ఒకే లాప్‌టాప్‌లో విండోస్, లినక్స్: డ్యూయల్ బూటా, వర్చువల్ మెషీనా?

తెనాలి కార్డులు: పెళ్లికార్డుల డీటీపీ మా పని. విండోస్‌లో నడిచే పేజ్‌మేకర్, అను తెలుగు ఫాంట్లు లేనిదే పూట గడవదు. బీటెక్ చదివే మా అబ్బాయికి లినక్స్ (విండోస్‌లాగే మరో ఆపరేటింగ్ సిస్టమ్) కావాలట. 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ. ఏది మేలంటారు?

లినక్స్ బాబాయ్: డ్యూయల్ బూటే, అంటే డిస్కులో రెండూ వేరువేరుగా ఉంచి, ఆన్ చేసేటప్పుడు ఒకటి ఎంచుకోవడం. విండోస్ లోపలే లినక్స్‌ని నడిపే వర్చువల్ మెషీన్‌కి 4 జీబీ ర్యామ్ ఇచ్చేస్తే విండోస్‌కి మిగిలేదీ నాలుగే, రెండూ ఈడుస్తాయి. ముందు విండోస్‌ని త్వరగా తెరిచే ఫాస్ట్ స్టార్టప్ సెట్టింగ్ ఆపండి. లేకపోతే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ అవదు, లినక్స్‌లోంచి విండోస్ డ్రైవ్‌లో ఏమీ సేవ్ చేయలేరు.

పాతకాపు: కూడుపెట్టే మిషన్ మీద ప్రయోగాలా? నాకు ఒకతను ఇలాగే లినక్స్ ఎక్కించి వెళ్లాడు. మర్నాడు ఆన్ చేస్తే నీలం తెర, డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల కీ అడుగుతోంది. సాయంత్రానికి కార్డులివ్వాలి. పెళ్లివారికి అడ్వాన్సు తిరిగిచ్చి పంపాను.

లినక్స్ బాబాయ్: కీ ముందే రాసిపెట్టుకోవాలి కదండీ. అది డ్యూయల్ బూట్ తప్పు కాదు.

పాతకాపు: గడియారం మాటేమిటి? లినక్స్ వాడి తిరిగొస్తే విండోస్‌లో టైమ్ ఐదున్నర గంటలు వెనక్కి!

లినక్స్ బాబాయ్: లినక్స్‌ని లోకల్ టైమ్‌కి మార్చడానికి ఒక్క కమాండ్ చాలు. ఇంకా గడియారమే పట్టుకుని వేలాడతారేం?

రవ్వదోశ: విండోస్‌లోనే లినక్స్ కమాండ్లు నడిపే డబ్ల్యూఎస్ఎల్ చాలదా? రీబూటే అక్కర్లేదు.

లినక్స్ బాబాయ్: అందులో పార్టిషన్లు, డ్రైవర్లు ఏం తెలుస్తాయి? కుర్రాణ్ణి నేర్చుకోనివ్వరా?

పాతకాపు: నేర్చుకోవద్దన్నానా? తండ్రి గిరాకీ పోతే ఫీజు మీరు కడతారా?

శ్రీకాకుళం అక్క: ఇద్దరూ కాస్త ఆగండి. తమ్ముడూ, సాయంత్రం ఆరింటికి ఆ లాప్‌టాప్ ఎవరి చేతిలో ఉంటుంది? డ్యూయల్ బూట్‌లో ఒకసారికి ఒకటే నడుస్తుంది. వాడు లినక్స్‌లో ఉంటే నువ్వు పేజ్‌మేకర్ తెరవలేవు.

తెనాలి కార్డులు: అసలు గొడవ అదే అక్కా. వాడు కాలేజీ నుంచి వచ్చే వేళకే నాకూ రద్దీ. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఒకటుంది, విండోస్ 10. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేదని విండోస్ 11 ఎక్కలేదు. ర్యామ్ 4 జీబీ.

లినక్స్ బాబాయ్: ఇది ముందే చెప్పాల్సింది! విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ఆగిపోయింది. ఆ డెస్క్‌టాప్ అబ్బాయికిచ్చి లుబుంటు (తేలికపాటి లినక్స్) వేయించండి. ఒక చిన్న ఎస్ఎస్‌డీ కూడా.

పాతకాపు: దీనికి నేనూ ఒప్పుకుంటాను. కానీ ఫార్మాట్ కొట్టేముందు పాత కార్డుల ఫైళ్లతో పాటు అను ఫాంట్ల ఫోల్డరు కూడా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ఆ ఫాంటు లేకపోతే వధూవరుల పేర్లున్న చోట పిచ్చి ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తాయి.

తెనాలి కార్డులు: ఇప్పుడే కాపీ పెట్టాను. 2009 నాటి కార్డులు కూడా ఉన్నాయి ఇందులో.