వరదొచ్చి కరెంటు పోతే తాగే నీళ్లకు మీరేం చేస్తున్నారు?

హంటర్‌రోడ్డు: వానలు మొదలైనయ్ కాబట్టి అడుగుతున్నా. 2023 జులైలో, మళ్లీ 2025 అక్టోబరు చివర మొంథా తుపానప్పుడు మా వైపు వీధుల్లోకి నీళ్లొచ్చాయి. మా ఇల్లు మునగలేదు గానీ అసలు గోస తాగే నీళ్ల దగ్గర పడ్డాం. కరెంటు లేక ఆర్వో మిషన్ పనిచేయలేదు, ప్లాంటు నడిచేదీ కరెంటు మీదే కాబట్టి క్యాన్ల బండి రాలేదు, కిరాణం షాపులో సీసాలు పొద్దున్నే ఖాళీ. ఇంట్లో నలుగురం, అందులో ఏడాది నిండని పాప ఉంది, మా అత్తమ్మ ఉంది. ఈసారి ముందే ఎంత పట్టిపెట్టాలి, ఎందులో పెట్టాలి? నెట్‌లో చూస్తే అన్నీ గ్యాలన్ల లెక్కలే. మన దగ్గర చేసినవాళ్లు చెప్పండి.

కాజీపేట అన్న: మనిషికి రోజుకు నాలుగు లీటర్లు లెక్కేసుకో తమ్ముడూ, తాగడానికి, కాస్త వంటకు, పళ్లు తోముకోవడానికి కలిపి. నలుగురికి మూడు రోజులంటే 48 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు మూడు. గిన్నెలకు, బాత్రూంకు వేరే డ్రమ్ము పెట్టుకో, ఆ నీళ్లు ఈ నీళ్లు కలపొద్దు.

హంటర్‌రోడ్డు: తమ్ముడు కాదన్నా, చెల్లెను. మూడు క్యాన్లయితే పెట్టగలం, ప్లాంటులో ముందే నింపించి పెడతా.

ఫిల్టర్‌బెడ్ రిటైర్డ్: అక్కడే ఆగమ్మా. నేను నీళ్ల సరఫరాలోనే పనిచేసి దిగిపోయినోణ్ని, కొంచెం పొడుగ్గా రాస్తా. అందరూ ఆర్వో నీళ్లు నింపి దాచుకుంటారు, కానీ దాచుకోవడానికి నల్లా నీళ్లే మేలు. నల్లా నీళ్లలో కొద్దిగా క్లోరిన్ మిగిలి ఉంటుంది, చివరి ఇంటి నల్లా దగ్గర కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాములు ఉండాలని లెక్క. ఆ మిగులే క్యానులో మళ్లీ క్రిములు పెరగకుండా కాస్తుంది. ఆర్వోలో ఉండే కార్బన్ ఆ క్లోరిన్‌ను తీసేస్తుంది, ఇక దాంట్లో ఎవరైనా చెయ్యి ముంచితే ఆపేది ఏదీ లేదు. కాబట్టి వాన రాకముందే, నల్లా వచ్చిన రోజు మొదటి రంగు నీళ్లు వదిలేసి, తేటగా వచ్చాక పట్టుకో. క్యాను ముందు సబ్బుతో కడుగు, తర్వాత లీటరు నీళ్లలో ఒక చెంచా బ్లీచింగ్ ద్రావణం కలిపి లోపల అంతా తగిలేలా ఊపి పారబోసి, మంచి నీళ్లతో తొలిచెయ్. పెయింటు డబ్బాలు, పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినా వద్దు. ఆరు నెలలకోసారి మార్చమంటారు, మన ఎండలకు నేనైతే నెలకోసారి చెట్లకు పోసి కొత్తవి పడతా.

అనుమానం ఉన్న నీళ్లయితే (వరద తర్వాత నల్లా కూడా అనుమానమే, పైపు ఎక్కడ పగిలిందో మనకు తెల్వదు) 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం (పైన చెప్పిన బ్లీచింగ్ ద్రావణం ఇదే) లీటరుకు రెండు చుక్కలు. 20 లీటర్ల క్యానుకు 2 మిల్లీలీటర్లు అవుతుంది, సూది తీసేసిన సిరంజితో కొలువు. నీళ్లు మసగ్గా ఉంటే రెట్టింపు. మూత పెట్టి అరగంట ఆగి చూడు, లైట్‌గా క్లోరిన్ వాసన రావాలి. రాకపోతే మళ్లీ అంతే వేసి ఇంకో పావుగంట ఆగు. సెంటు వాసన కలిపినవి, రంగువి వాడొద్దు. బాత్రూం కడిగే యాసిడ్ దగ్గరకు దీన్ని అసలు రానియ్యొద్దు, రెండూ కలిస్తే వచ్చే గ్యాసుకు ఊపిరాడదు.

ములుగు జంగిల్: పటిక తిప్పితే చాలదా? మా తాతల కాలం నుంచి వాగు నీళ్లకు అదే.

ఫిల్టర్‌బెడ్ రిటైర్డ్: పటిక మట్టిని కిందికి దింపుతుంది, క్రిములను చంపదు. చిల్లగింజ అరగదీసి వేసినా అంతే. కానీ ఆ పని కూడా కావాలి. బురద నీళ్లలో క్లోరిన్ అంతా బురదకే ఖర్చైపోతుంది. ముందు తేర్చాలి, పైన తేటను నాలుగు మడతల బట్టలో వడకట్టాలి, ఆ తర్వాతే మందు.

ఏటూరునాగారం సర్: ములుగు తమ్ముడికి, 2023 జులైలో లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. అట్లాంటి వానకు చేతిపంపు, బావి అన్నీ ఒక్కటే, పై నీళ్లు లోపలికి దిగుతాయి. మేము కట్టెల పొయ్యి మీద పెద్ద గంజు పెట్టి మరిగించాం. ఊరికే వేడి చేస్తే కాదు, కళపెళ మరగడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచాలి. పాపకు ఇదే మంచి దారి, మరిగించి మూత పెట్టి చల్లార్చిందే పట్టండి. ఇండక్షన్ పొయ్యిని నమ్ముకోవద్దు, గ్యాసు బండ ఒకటి నిండుగా ఉంచుకోండి.

కాజీపేట అన్న: రాగి బిందె మాటేంటి సార్?

ఏటూరునాగారం సర్: రాత్రంతా ఉంచితే కొంత పనిచేస్తుంది, వరద నీళ్లకు దాని మీద ఆధారపడను. ఇంధనం లేకపోతే ఎండ నయం. రంగు లేని రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాల్లో తేట నీళ్లు నింపి రేకు మీద పడుకోబెట్టి మంచి ఎండలో ఆరు గంటలు, మబ్బుంటే రెండు రోజులు. తుపానులో ఎండ ఎక్కడిది అంటారా, అందుకే చివర్లో చెప్పా.

నర్సంపేట ఏఎన్ఎం: క్లోరిన్ బిళ్లల గురించి ఎవరూ రాయలేదు. వరదప్పుడు మేము పంచుతాం. ఒక్కో రకం ఒక్కో కొలత, బిళ్ల 20 లీటర్లదా, తక్కువ నీళ్లదా అని స్ట్రిప్పు మీద చదివే వేయండి. ఇవి మింగే మాత్రలు కావు, ఇంట్లో పెద్దవాళ్లకు గట్టిగా చెప్పండి. జ్వరం బిళ్లల డబ్బాలో పెట్టకండి.

సంపు బాధితుడు: మా సంపు మూత నేల మట్టంలోనే ఉంది, డ్రైనేజీ నీళ్లు నేరుగా దిగినయ్. ఇప్పుడు బ్లీచింగ్ పౌడర్ చల్లితే సరిపోతుందా?

ఫిల్టర్‌బెడ్ రిటైర్డ్: చల్లితే కాదు. మొత్తం తోడించి గోడలు రుద్ది కడిగించి, కొత్త నీళ్లు నింపాక వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల మంచి పౌడరు. కంసాలి త్రాసులో తూయించుకుంటే నిక్కచ్చిగా ఉంటుంది. పౌడరు ముద్దగా చేసి బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుక్కు దిగాక పై తేటే సంపులో పోయాలి. గంట ఆగి వాడుకోవచ్చు, రాత్రి పోస్తే ఇంకా మంచిది. మూత తీసి పెట్టిన పాత పౌడర్‌లో బలం ఉండదు. ఇంకోటి, బోరులో ఫ్లోరైడ్ ఉంటే మరిగించినా, క్లోరిన్ వేసినా పోదు.

హంటర్‌రోడ్డు: అందరికీ థాంక్స్. క్యాన్లు సజ్జ మీద పెట్టొచ్చా? కింద పెడితే వరద వస్తే మునుగుతాయేమోనని టెన్షన్.

కాజీపేట అన్న: ఒక్కోటి ఇరవై కిలోలమ్మా, అత్తమ్మ ఎట్లా దించుతుంది? గట్టి టేబుల్ మీద పెట్టు, ఎండ తగలని వైపు, పెట్రోలు, ఫినాయిల్ దగ్గర కాకుండా. మూతకు నల్లా ఉన్న క్యాన్లు కొను, ముంచుకునే పని ఉండదు.