'ఏదోలే' అనిపించే సీరియల్‌కి రివ్యూ ఎట్లా రాయాల?

అందరికీ నమస్తే. తిరుపతిలో ఓ వారపత్రికకి కొత్త సీరియళ్ల మీద 150 పదాల్లో రివ్యూ రాయాల. చెత్తయితే ఉతికేయొచ్చు, బాగుంటే మెచ్చుకోవచ్చు. ఈ నడిమి రకంతోనే చిక్కు. అరగంటలో యాడ్లు, టైటిల్సు, నిన్నటి కథ పోగా మిగిలిందాంట్లో సగం స్లో మోషన్ చూపులే. చిత్తూరు పిల్లని చెప్పిన హీరోయిన్ మొదటి వారం 'వస్తా ఉండా' అంటుంది, రెండో వారానికి 'వస్తున్నానండీ' అయిపోతుంది! నటన మాత్రం పర్వాలేదు.

5 ఎపిసోడ్లు చూసి తేల్చేయొచ్చా, 10 చూడాల్నా? ఖర్చంతా మొదటి వారంలోనే కుమ్మరిస్తారు కదా, అందుకే అనుమానం. 5కి 2.5 వేస్తే తప్పించుకున్నట్టుంటుంది. ఏ సీరియల్‌ని ఎంతమంది చూశారో చెప్పే బార్క్ రేటింగు గురువారం చూసుకుని రాయడమైతే దొంగలెక్కే. మార్కులు తీసేసి, ఎవరు చూడొచ్చో మాత్రం రాస్తే సరిపోతుందా?