కార్బన్-12 మీద ఆల్ఫా: మూడు వారాల బీమ్, గామా జాడ లేదు

రాత్రిషిఫ్ట్: నక్షత్రాల్లో కార్బన్-12 ఆల్ఫాను (హీలియం కేంద్రకం) పట్టి, గామా కిరణం వదిలి ఆక్సిజన్-16 అయ్యే చర్యను ల్యాబ్‌లో కొలుస్తున్నా. ఢీకొనే శక్తి సెంటర్ ఆఫ్ మాస్‌లో 1.5 ఎంఈవీ (ఒక ఎంఈవీ అంటే 1000 కేఈవీ). గామాలు పట్టే జెర్మేనియం డిటెక్టర్ నిండా చుట్టూ ఉన్న పొటాషియం నుంచి వచ్చే 1461 కేఈవీ పీక్ ఒక్కటే. దాన్ని ఆపడానికి ఇంకో వరస సీసం ఇటుకలు పేర్చమంటారా? టార్గెట్ (ఆల్ఫా బీమ్ తగిలే కార్బన్ పలక) ఎన్నాళ్ళకోసారి మారుస్తారు? థీసిస్‌కి ఏడాదే ఉంది.

సీసంమోత: పేర్చండి. నా నడుం పోయింది గానీ 1461 బాగా దిగింది.

పాతకాపు: 22 ఏళ్ళుగా ఇదే పని నాది. మోకాలికీ బోడిగుండుకీ ముడి పెట్టకండి. క్యూ విలువ (చర్యలో విడుదలయ్యే శక్తి) 7.16కి 1.5 కలపండి, మీ గామా 8.66 ఎంఈవీ దగ్గర వస్తుంది. అక్కడ 1461కి ఏం పని? అసలు దొంగ కార్బన్-13. మామూలు కార్బన్‌లో 1.1 శాతం ఉంటుంది. ఆల్ఫా తగిలితే న్యూట్రాన్ వదులుతుంది, అది చుట్టూ ఉన్న ఇనుములో ఇరుక్కుంటే 7.63 గామా, డిటెక్టర్‌లోనే ఇరుక్కుంటే ఇంకా పైకి.

సీసంమోత: కాస్త మర్యాదగా. సీసం పెడితే డెడ్ టైమ్ (డిటెక్టర్ కొత్త సిగ్నల్ తీసుకోలేని సమయం) తగ్గదా? పైలప్ (సిగ్నళ్ళు ఒకదాని మీద ఒకటి పడటం) తగ్గదా?

పాతకాపు: కౌంట్ రేట్ (సెకనుకి ఎన్ని సిగ్నళ్ళు) ఎంతని ముందు అడిగారా?

కొండకింద: నేల మీద చేస్తే ఈ పాట్లు తప్పవు. ఇటలీలోని గ్రాన్ సాసో భూగర్భ ల్యాబ్‌లో 1400 మీటర్ల రాతి కింద మ్యూవాన్లు (కాస్మిక్ కిరణాల వల్ల పైనుంచి పడే కణాలు) పది లక్షల రెట్లు తగ్గుతాయి. 2004లో అక్కడి లూనా ప్రయోగం వాళ్ళు నక్షత్రాల్లో జరిగే నైట్రోజన్-14, ప్రోటాన్ చర్య కొలిస్తే పాత రేటు దాదాపు సగమైంది, గోళాకార తారాగుచ్ఛాల వయసు 70–100 కోట్ల ఏళ్ళు పెరిగింది!

పాతకాపు: బీమ్ పుట్టించే న్యూట్రాన్లు కొండ కిందకీ మీ వెంటే వస్తాయి సార్.

కొండకింద: అక్కడ పని చేశారా ఎప్పుడైనా?

నత్రజనిడ్యూటీ: టార్గెట్ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. బయటికి తీసి చూడండి. మా దాని మీద బీమ్ పడ్డచోట గోరంత నల్లమచ్చ. పంపు నూనె ఆవిరి మాడి అంటుకున్న కార్బన్ అది, కార్బన్-13తో సహా. ఆ ఆవిరిని చలితో పట్టేసే కోల్డ్ ట్రాప్ ఎండిపోయింది. రాత్రి రెండింటికి లిక్విడ్ నైట్రోజన్ పోయాల్సింది నేనే, కునుకు పట్టేసింది. గైడుకి ఇంతవరకూ చెప్పలేదు.

సీసంమోత: నూనె పంపులు ఇంకా వాడుతున్నారా!

కాగితంతార: థియరీ మనిషిని. నక్షత్రానికి కావాల్సిన చర్య రేటు 300 కేఈవీ దగ్గర కదా, 1.5 ఎంఈవీలో కొలిచినదాని నుంచి గీత కిందికి లాగేస్తే సరిపోదూ?

పాతకాపు: లాగండి. గడపకి (ఆ 7.16కి) కాస్త కిందే ఉన్న ఆక్సిజన్-16 శక్తి స్థాయిలు, 6.92, 7.12 లెవెళ్ళు, ఆ గీతను ఎటు వంచుతాయో మీరే చెప్పండి.

రాత్రిషిఫ్ట్: టార్గెట్ తీశాను. నల్లగానే ఉంది. ఇటుకలు మాత్రం 40 వచ్చేశాయి, ఎవరికైనా కావాలా?