దివ్యాంగ పిల్లల డే కేర్ కేంద్రానికి కేంద్ర గ్రాంటు: దరఖాస్తుకు ముందు ఏమేమి సరిచూసుకోవాలి?

ప్రశ్న (నిర్వాహకురాలు, కోనసీమ)

అందరికీ నమస్కారం. అమలాపురం దగ్గర ఒక పల్లెలో మేము ఆరేళ్ళుగా మేధోవైకల్యం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు డే కేర్ కేంద్రం నడుపుతున్నాం. ఇరవై ఆరుగురు పిల్లలు, ఇద్దరు ప్రత్యేక ఉపాధ్యాయినులు, ఇద్దరు ఆయాలు, వారానికి రెండు రోజులు వచ్చే ఫిజియోథెరపిస్టు, ఒక పాత వ్యాను ఉన్నాయి. ఇంతవరకు చందాలతోనూ, ఒక పెద్దాయన అద్దె అడగకుండా ఇచ్చిన ఇంటితోనూ నెట్టుకొచ్చాం. ఆయన ఈమధ్య కాలం చేశారు. వారి పిల్లలు ఆ ఇల్లు అమ్ముకోవాలనుకుంటున్నారు, వారిని తప్పుపట్టడానికి లేదు.

2025-26 కేంద్ర బడ్జెట్‌లో దివ్యాంగుల సాధికారత విభాగానికి 1,275 కోట్ల రూపాయలు కేటాయించారని చదివినప్పుడు, అందులో మా పిల్లల దాకా వచ్చే దారి ఏదైనా ఉందా అనిపించింది. స్వచ్ఛంద సంస్థలకు కేంద్రం గ్రాంటు ఇచ్చే దీన్‌దయాళ్ పునరావాస పథకానికి దరఖాస్తు చేసుకోవాలా, కొన్ని రకాల వైకల్యాలున్నవారి కోసం ఉన్న కేంద్ర సంస్థ నేషనల్ ట్రస్ట్‌ను ఆశ్రయించాలా, రెండూ చేయవచ్చా? మరో సంగతి దాచకుండా చెబుతున్నాను: వికలాంగుల హక్కుల చట్టం కింద మా కేంద్రానికి ఉన్న రిజిస్ట్రేషన్ గడువు ముగిసిన విషయం మేము గమనించలేదు. అమెరికాలో స్థిరపడిన మా మేనమామ గారి అబ్బాయి కొంత సొమ్ము పంపుతానంటున్నాడు. అది తీసుకోవచ్చో లేదో కూడా తెలియజేయగలరు.

జవాబు (ఆడిటర్, విజయవాడ)

అమ్మా, మీరు చివర చెప్పిన రిజిస్ట్రేషన్ సంగతే ముందు చూడవలసినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. అందులోని 50వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం లేకుండా దివ్యాంగుల కోసం ఏ సంస్థనూ నెలకొల్పకూడదు, నడపకూడదు. అంటే ఇది గ్రాంటుకు జతచేసే కాగితం మాత్రమే కాదు. మీరు పైసా గ్రాంటు అడగకపోయినా ఉండి తీరవలసిన అనుమతి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి పదివేల రూపాయల దాకా జరిమానా ఉంటుంది. పునరుద్ధరణకు గడువు ముగియడానికి కనీసం 60 రోజుల ముందే దరఖాస్తు చేయాలి కాబట్టి మీది ఇప్పటికే ఆలస్యమైంది. జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకుల కార్యాలయానికి స్వయంగా వెళ్ళి, జరిగింది జరిగినట్టు రాతపూర్వకంగా తెలియజేసి, దరఖాస్తు ఇచ్చి రశీదు తీసుకోండి.

అయితే ఆ దరఖాస్తు కంటే ముందు తేల్చుకోవలసింది ఇంటి సంగతి. అమ్మకానికి ఉన్న ఇంటి చిరునామాతో రిజిస్ట్రేషన్ తెచ్చుకుంటే, నాలుగు నెలల తరువాత తనిఖీకి వచ్చిన అధికారికి అక్కడ తాళం కనిపిస్తుంది. పైగా మీ పాత కాగితాలన్నిటిలోనూ తూర్పు గోదావరి జిల్లా అని ఉండివుంటుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి మీది కోనసీమ జిల్లా. ట్రస్టు దస్తావేజు, పాన్, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే దర్పణ్ పోర్టల్, బ్యాంకు ఖాతా ఒక్కో చోట ఒక్కో చిరునామా చూపితే దరఖాస్తు వెనక్కి రావడానికి అదొక్కటీ చాలు. అందుచేత కొత్త ఇంటికి కొన్నేళ్ళ అద్దె ఒప్పందం రాయించుకుని రిజిస్టరు చేయించండి, ఆ చిరునామాను అన్నిచోట్లా మార్పించండి, అప్పుడు దరఖాస్తు పెట్టండి.

అమెరికా సొమ్ము విషయంలో మీ బంధువు ఏ దేశ పౌరుడన్నదే ముఖ్యం. ఆయనకు ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపిన విరాళం విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. అప్పుడు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా ఉండాలి. ఆ రిజిస్ట్రేషన్‌కు సంస్థ మూడేళ్ళ నాటిదై ఉండాలి, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో కనీసం 15 లక్షలు తన కార్యక్రమాలపై ఖర్చు పెట్టి ఉండాలి. బంధువే కదా అని మామూలు ఖాతాలో వేయించుకోకండి.

జవాబు (ప్రత్యేక పాఠశాల నిర్వాహకురాలు, సికింద్రాబాద్)

ఆడిటర్ గారు చెప్పిన వరసే సరైనది. పథకాల విషయం నేను చెబుతాను. దీన్‌దయాళ్ పథకంలో ఆమోదించిన ఖర్చులో 90 శాతం వరకు కేంద్రం ఇస్తుంది, మిగిలినది సంస్థ భరించాలి. దరఖాస్తు ఈ-అనుదాన్ పోర్టల్‌లో పెట్టాలి. జిల్లా తనిఖీ, రాష్ట్ర సిఫారసు దాటి ఢిల్లీ చేరుతుంది. నేషనల్ ట్రస్ట్ పరిధిలోకి వచ్చేవి ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు. మీ పిల్లలు ఆ పరిధిలోనే ఉన్నారు కనుక అక్కడ కూడా సంస్థను నమోదు చేయించండి. పిల్లలకు లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఇచ్చే నిరామయ పథకం దరఖాస్తులను అప్పుడు మీరే పెట్టగలుగుతారు. కానీ అదే పిల్లవాడికి, అదే సేవకు రెండుచోట్ల గ్రాంటు తీసుకోవడం కుదరదు. దరఖాస్తులోనే ఆ సంగతి ప్రకటించవలసి ఉంటుంది.

గ్రాంటు నెలనెలా జీతంలా వచ్చేది కాదు. గత సంవత్సరపు ఆడిట్ లెక్కలు, ఇచ్చిన సొమ్మును దేనికి ఖర్చు చేశారో చూపే వినియోగ ధ్రువపత్రం ఇచ్చాకే తరువాతి విడుదల సంగతి చూస్తారు. ఆయాల జీతం, వ్యాను డీజిలు కనీసం ఆరు నెలల పాటు వేరే దారిలో గడిచేట్టు చూసుకున్నాకే ఇందులోకి దిగమని నా సలహా. మేము చేసిన ఒక తప్పు కూడా చెబుతాను: గ్రాంటు సొమ్ముపై ఖాతాలో పడిన వడ్డీని మాదే అనుకుని రంగు చాపలు కొన్నాం. ఆ వడ్డీ ప్రభుత్వానికి తిరిగి జమ చేయవలసినదని ఆడిట్‌లో తేలాక చందాలు పోగుచేసి కట్టాం. గ్రాంటుతో కొన్న ప్రతి వస్తువునూ రిజిస్టరులో రాయండి, అనుమతి లేకుండా అమ్మకండి.

మీ ఉపాధ్యాయినులిద్దరికీ ప్రత్యేక ఉపాధ్యాయులను నమోదు చేసే భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ అమలులో ఉందా? దాన్ని అయిదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి. ఉంటే, ప్రతి బిడ్డకూ విడి ఫైలు వారిచేతే రాయించండి. మా బడిలో ఒక బాబు చొక్కా గుండీ తానే పెట్టుకోవడానికి పదకొండు నెలలు పట్టింది. మొదట చెక్క చట్రానికి కుట్టిన పెద్ద గుండీని టీచరు సగం దాకా కాజాలోకి దూర్చి ఇస్తే వాడు మిగతా సగం లాగేవాడు. ఆ తరువాత వాడే దూర్చి లాగడం. ఆ తరువాత చిన్న గుండీ. చివరికి ఒంటిమీద చొక్కా. వారం వారం తేదీతో ఆ టీచరమ్మ రాసిన పేజీలను తనిఖీకి వచ్చిన అధికారి నిలబడి మొత్తం చదివారు. హాజరు పట్టీ పిల్లలు వచ్చారని మాత్రమే చెబుతుంది, వచ్చి ఏం నేర్చుకున్నారో ఈ ఫైలే చెబుతుంది.

జవాబు (ఒక తండ్రి, నెల్లూరు)

మా అమ్మాయి ఇలాంటి కేంద్రంలోనే పెరిగింది కాబట్టి ఒక మాట చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను 6,000 రూపాయలైంది కదా, అందులోంచి పిల్లల ఫీజు తీసుకోవచ్చుగా అని మీకు ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. దయచేసి తప్పనిసరి చేయకండి. కూలికి పోకుండా బిడ్డ దగ్గరే ఉండిపోయిన తల్లికి ఆ సొమ్మే ఇల్లు నడిపే ఆధారం. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ నిధులను ప్రయత్నించండి. ఆ నిధులు ఏ పనులకు ఇవ్వవచ్చో చెప్పే కంపెనీల చట్టం ఏడవ షెడ్యూలులోనే ప్రత్యేక విద్య ఉంది. అందుకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, కంపెనీ వ్యవహారాల శాఖ వద్ద సీఎస్‌ఆర్-1 నమోదు, ఇదే పనిలో మూడేళ్ళ అనుభవం కావాలి. మీకు ఆరేళ్ళ అనుభవం ఉంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మా మేనమామ గారి అబ్బాయికి ఫోను చేసి అడిగాను, వాడు మూడేళ్ళ కిందటే అక్కడి పౌరసత్వం తీసుకున్నాడట. సొమ్ము పంపవద్దని చెప్పాను. రామాలయం వీధిలో మెట్లు లేని ఒక పెంకుటిల్లు ఖాళీగా ఉంది. చక్రాల కుర్చీ వీధి గుమ్మంలోంచి నేరుగా లోపలికి వెళుతుందో లేదో రేపు తీసుకువెళ్ళి చూస్తాం. ఇంటివారు అయిదేళ్ళకు రాసిస్తామన్నారు. అది రిజిస్టరు కాగానే సహాయ సంచాలకుల కార్యాలయానికి వెళతాను. ఉపాధ్యాయినుల్లో ఒకరి పునరావాస మండలి రిజిస్ట్రేషన్ వచ్చే మార్చితో ముగుస్తుందని కూడా ఈ పూటే చూసుకున్నాం.