మోకాలి దగ్గర ఎముకలో గడ్డ: మామూలుదా, క్యాన్సరా?

మల్కాజిగిరి శీను: అన్నా, మధ్యాహ్నం నుంచి గూగుల్‌ల వెతికి వెతికి తల పగిలిపోతుంది. మా తమ్మునికి ఎక్స్‌రే తీస్తే మోకాలి దగ్గర "లైటిక్ లీజన్" అని రాసిన్రు. మామూలు గడ్డనా, క్యాన్సరా? ఎవరన్నా సక్కగ చెప్పుండ్రి.

ఆర్థో పీజీ: లైటిక్ లీజన్ అంటే ఎముక కరిగిపోయినట్టు కనబడే చోటు. వయసెంత?

మల్కాజిగిరి శీను: వయసుతోని ఏం పని అన్నా? రిపోర్ట్‌ల ఉన్నది చెప్పిన గద.

ఆర్థో పీజీ: సగం జవాబు వయసులోనే ఉంటుంది. 40 దాటితే ముందు వేరేచోట పుట్టి ఎముకకు పాకిన క్యాన్సర్, మైలోమా (ఎముక మజ్జలో పుట్టే క్యాన్సర్) వెతుకుతారు. 10–20 మధ్య, మోకాలి చుట్టూ అయితే ఆస్టియోసార్కోమా (ఎముకలోనే పుట్టే క్యాన్సర్) భయం.

ఉప్పల్ సుజాత: అన్నిటికంటే ముందు పసరు కట్లు, మాలిష్‌లు ఆపించండి. మనవాళ్లకి నొప్పంటే బెణుకే. కట్టు మీద కట్టు కట్టించి, వాపు కొబ్బరికాయంత అయ్యాక ఆసుపత్రికి పరిగెడతారు. చదువుకున్నవాళ్లూ ఇంతే!

మల్కాజిగిరి శీను: మేడం, మేము ఏ కట్టూ కట్టియ్యలే.

ఆర్థో పీజీ: గడ్డ చుట్టూ సన్నటి తెల్ల గీత ఉందా? ఉంటే మెల్లగా పెరుగుతున్నట్టు, చుట్టూ గట్టి ఎముక పేర్చుకునే తీరిక దొరికినట్టు. అంచు ఎక్కడుందో తెలియకపోయినా, ఎముక పైపొర లేచి, కిరణాల్లా గీతలో త్రికోణమో అయినట్టు సన్‌బర్స్ట్‌, కాడ్‌మన్ ట్రయాంగిల్ కనబడినా క్యాన్సరేమోనని అనుమానించాలి. టీబీ, చీము పట్టిన ఎముక కూడా ఒక్కోసారి ఇలాగే మోసం చేస్తాయి.

మల్కాజిగిరి శీను: 27 ఏండ్లు. తొడ ఎముక కింది కొసకు, కీలు దాకా ఉంది. తెల్ల గీత లేదు.

ఆర్థో పీజీ: ఇది మొదట్లోనే చెప్పాలి కదా స్వామీ! ఆ వయసుకు, కీలు దాకా ఉందంటే జెయింట్ సెల్ ట్యూమర్‌ని ముందు ఆలోచిస్తారు. బినైనే, అంటే క్యాన్సర్ కాని గడ్డే, గానీ ఎముకను తినేస్తుంది.

ల్యాబ్ రమణ: ఊపిరితిత్తులకు కూడా పాకగలిగేదాన్ని బినైన్ అంటారేంటండీ?

ఆర్థో పీజీ: అది అరుదు. అందుకే డబ్ల్యూహెచ్‌ఓ దాన్ని బినైన్‌కీ క్యాన్సర్‌కీ మధ్యలో పెట్టింది.

ల్యాబ్ రమణ: మరి మధ్యలోది అనండి, బినైన్ అనకండి.

ఆర్థో పీజీ: వార్డులో అందరం అదే అంటాం సార్.

కూకట్‌పల్లి: బయాప్సీ (గడ్డ ముక్క తీసి చేసే పరీక్ష) చేయించు. ఇక్కడ తేలదు.

ఆర్థో పీజీ: అవును, కానీ ఎంఆర్‌ఐ అయ్యాకే. అదీ రేపు ఆపరేషన్ చేయబోయే సర్జన్ చెప్పిన చోటే సూది దిగాలి. క్యాన్సర్ అని తేలితే ఆ సూది వెళ్లిన దారిని కూడా కోసి తీసేయాల్సి రావచ్చు. రక్తంలో కాల్షియం, మెడలోని పారాథైరాయిడ్ గ్రంథి హార్మోన్ కూడా చూపించండి. ఆ గ్రంథి తేడాతో వచ్చే బ్రౌన్ ట్యూమర్ మైక్రోస్కోప్ కింద అచ్చం జెయింట్ సెల్ ట్యూమర్ లాగే ఉంటుంది.

మల్కాజిగిరి శీను: యాడ చూపియ్యాలె?

ఉప్పల్ సుజాత: లక్డీకాపూల్ దగ్గర క్యాన్సర్ ఆసుపత్రి ఎంఎన్‌జే, లేకపోతే పంజాగుట్ట నిమ్స్. ఎక్స్‌రే ఫిల్మ్ పట్టుకెళ్లండి, రిపోర్ట్ కాగితం ఒక్కటే కాదు.

మల్కాజిగిరి శీను: సరే, పొద్దుగాల పోతం. థ్యాంక్స్ అన్నా. ఎంఎన్‌జే కాడ బండి పెట్టనీకి జాగ ఉంటదా?

కూకట్‌పల్లి: మెట్రోలో పో.