ఒరెగాన్ తీరం వెంట ఆర్వీలో ప్రయాణం: సలహాలు కావాలి

ప్రశ్న (సియాటిల్ వాసి):
ఆగస్టులో అమ్మానాన్నలు గుంటూరు నుంచి మా దగ్గరకు వస్తున్నారు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నందున, రోజుకొక హోటల్ మారే శ్రమ లేకుండా 25 అడుగుల క్లాస్ సి ఆర్వీ (లోపలే పడకలు, వంటగది ఉండే పెద్ద బండి) అద్దెకు తీసుకొని, 101వ నంబరు రహదారి మీద ఆస్టోరియా నుంచి బ్రూకింగ్స్ దాకా తీరమంతా చూపించాలని ఉంది. ఇంత పెద్ద బండి నేనెప్పుడూ నడపలేదు. రాత్రిళ్లు బీచ్ పార్కింగులోనే ఆగవచ్చునా? బండిలో వంటకు కరెంటు సరిపోతుందా?

జవాబు 1 (పోర్ట్‌లాండ్ నుంచి):
ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లడమే మంచిది. ఇక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి కనుక సముద్రం మీ పక్కనే ఉంటుంది, వ్యూపాయింట్ల దగ్గర ఎదురొచ్చే వాహనాలకు అడ్డంగా ఎడమకు తిరగవలసిన పని ఉండదు. కొత్తగా నడిపేవారికి ఇది చాలా పెద్ద వెసులుబాటు. న్యూపోర్ట్‌లోని యాక్వినా బే వంతెన 1936 నాటిది, లేన్లు ఇరుకు, అక్కడ తొందరపడకండి. ఇసుక తీరమంతా ప్రజలు స్వేచ్ఛగా తిరిగే హక్కును 1967 నాటి చట్టం కాపాడుతున్నది గాని, అది బండి నిలిపి నిద్రపోయే హక్కు కాదు. స్టేట్ పార్కుల పగటి పార్కింగులో రాత్రి ఉండనివ్వరు. ఫోర్ట్ స్టీవెన్స్, సౌత్ బీచ్, హనీమన్ పార్కుల్లో ఆర్వీలకు నీరు, కరెంటు ఉన్న చోట్లు దొరుకుతాయి. ఆరు నెలల ముందే బుకింగ్ తెరుస్తారు కనుక ముందు చోటు ఖాయం చేసుకొని, ఆ తేదీలను బట్టి బండి మాట్లాడుకోండి.

జవాబు 2:
పెద్దవాళ్లతో 363 మైళ్ల తీరం మొత్తం పెట్టుకోవద్దని నా అభిప్రాయం. ఫ్లోరెన్స్ దాకా వెళ్లి, అక్కడి నుంచి 126వ రోడ్డు మీద యూజీన్ చేరి, ఐ-5 హైవే పట్టుకొని వెనక్కి రండి. మిగిలిన సమయాన్ని ఫ్లోరెన్స్‌కు ముందే దారిలో వచ్చే కేప్ పర్‌పెచువా అనే సముద్రపు కొండ దగ్గర గడపండి. పోటు సమయానికి థార్స్ వెల్ అనే రాతి గుంతలోకి సముద్రం పొంగి, మళ్లీ లోపలికి జారిపోవడం చూడవలసిన దృశ్యం. అయితే అల ఎప్పుడు ఎగసిపడుతుందో తెలియదు కనుక దూరంగా నిలబడే చూడాలి.

జవాబు 3:
వంట సంగతి నేను చెబుతాను. పార్కులో బండికి ఇచ్చే కరెంటు 30 ఆంపియర్ల కనెక్షన్ అయితే, అంటే 120 వోల్టుల మీద 3,600 వాట్లు. మైక్రోవేవ్, రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్ ఒకేసారి పెడితే బ్రేకర్ పడిపోతుంది, ఒకదాని తరువాత ఒకటి వాడుకోవాలి. పప్పు కుక్కర్‌ను గ్యాస్ పొయ్యి మీద పెట్టుకోవచ్చు, పోపు వేసేటప్పుడు మాత్రం పైకప్పు ఫ్యాన్ తిప్పడం మరువకండి, లేకపోతే ఇంగువ వాసన పరుపులకు పట్టేస్తుంది. పళ్లేల్లోని నూనెను కాగితంతో తుడిచాకే కడగండి. సింకు నీళ్లు చేరే గ్రే ట్యాంకు మనం అనుకున్నదానికన్నా త్వరగా నిండుతుంది. ఇంకొక మాట: ఆగస్టులోనూ అక్కడ చలిగాలి, పొగమంచు ఉంటాయి, అమ్మగారికి స్వెట్టరు, నాన్నగారికి మఫ్లరు తప్పనిసరి. సూర్యలంకలో మాదిరిగా మోకాలి లోతు నీళ్లలో నిలబడనివ్వకండి. నీళ్లు మంచులా ఉంటాయి, పైగా ఉన్నట్టుండి పెద్ద అల వచ్చి ఒడ్డున పడి ఉన్న దుంగలను సైతం దొర్లించేస్తుంది.