సౌభ్రాత్రమా, సౌభ్రాతృత్వమా? అవతారికలో ఒక అక్షరం

చంద్రగిరి కోట:
పెద్దలు కాస్త తేల్చాలి. బడిలో ఉదయం వరుసల్లో నిలబెట్టి రాజ్యాంగ అవతారిక, అదే పీఠిక, చెప్పించేవారు. అందులో ఒక ముక్క నాకు ఇలా నోటికి వచ్చు: ‘వ్యక్తి గౌరవమును, జాతీయ ఐక్యతను, అఖండతను తప్పక ఒనగూర్చు సౌభ్రాత్రమును పెంపొందించుటకు’. మా అమ్మాయి పాఠ్యపుస్తకంలో చూస్తే ‘సౌభ్రాతృత్వమును’ అని ఉంది. నాకు చెప్పించిన పంతులుగారు సవరించి చెప్పారా, లేక ముద్రణలోనే మారిందా? పాత ప్రతి ఎవరి దగ్గరైనా ఉందా?

తిరుచానూరు తోట:
ముద్రణ సంగతి తర్వాత. సాధురూపం సౌభ్రాత్రమే. సుభ్రాతృ (మంచి సోదరుడు) శబ్దానికి భావార్థంలో అణ్ అనే ప్రత్యయం చేరితే ఆదివృద్ధి వచ్చి, అంటే మొదటి ‘సు’ ‘సౌ’గా మారి, సౌభ్రాత్రం అవుతుంది. త్వ చేర్చుకుంటే సుభ్రాతృత్వం, అప్పుడు వృద్ధి రాదు. ముందు ‘సౌ’ కావాలి, చివర ‘త్వ’ కూడా కావాలి అంటే ఒకే భావానికి రెండు ప్రత్యయాలు తగిలించినట్లు. వాల్మీకంలోనూ సౌభ్రాత్రమే. ఉత్తరకాండలో రావణుడి మంత్రి ప్రహస్తుడు ‘సౌభ్రాత్రం నాస్తి శూరాణాం’ అంటాడు. మీ పంతులుగారు చదువుకున్నవారు.

నగరి మలుపు:
మాస్టారూ, సాక్షిగా ఎవరిని పిలుచుకొచ్చారు! శూరులకు అన్నదమ్ముల ప్రేమ ఉండదు, కుబేరుడి దగ్గర నుంచి లంక లాక్కో అని రావణుడికి ఎక్కించే సందర్భం కదా అది. అవతారికకు ఆ పక్షం పనికిరాదు.

తిరుచానూరు తోట:
రూపానికి సాక్ష్యం అడిగితే రూపం చూపించాను. ప్రహస్తుడు దుర్బోధ చేశాడు కానీ అపశబ్దం పలకలేదు.

నగరి మలుపు:
సరే, అదే వాక్యంలో ‘ఐక్యత’ ఉంది, దాన్ని ఏం చేస్తారు? ఏక నుంచి ఐక్యం వచ్చాక మళ్ళీ ‘త’ ఎందుకు? సౌభ్రాతృత్వాన్ని గుమ్మం దగ్గర ఆపితే ఐక్యతను కూడా ఆపాలి. ప్రాధాన్యత వంటివి తెలుగులో ఎప్పుడో కాపురం పెట్టేశాయి. జనం నోట నిలిచింది తెలుగు. మా వైపు సగం మంది తమిళంలో ‘సగోదరత్తువం’ అంటారు, అక్కడా చివర ఆ త్వమే. చెవికి ఆ త్వ లేకపోతే గుణం పేరులా వినిపించదు.

తిరుచానూరు తోట:
ప్రాధాన్యత రాసేవారి ఉత్తరాలకు నేను జవాబు ఇవ్వను.

చిత్తూరు వకీలు:
వ్యాకరణం మధ్యలో ఒక చిన్న లెక్క. చంద్రగిరివారికి ‘అఖండత’ నోటికి వచ్చంటే వారు చదివింది 1976 తర్వాతి పాఠం. సామ్యవాద, లౌకిక, అఖండత అనే మాటలు 42వ సవరణతో చేరాయి. కాబట్టి పాత ప్రతి అంటే ఏది? 1949 నవంబరు 26న ఆమోదించినదాని అనువాదమా, సవరణ తర్వాతిదా? రెండింటినీ ఒకరే తెలుగు చేశారని అనుకోనక్కరలేదు.

ఇంకొకటి. సౌభ్రాత్రం అన్న ఈ మాట మొదటి నుంచీ ఉన్నది కాదు. 1946 డిసెంబరు 13న నెహ్రూ ప్రవేశపెట్టిన లక్ష్యాల తీర్మానంలో న్యాయం ఉంది, సమానత్వం ఉంది, స్వేచ్ఛల జాబితా ఉంది, అల్పసంఖ్యాకుల రక్షణ ఉంది. సౌభ్రాత్రం లేదు. ముసాయిదా సంఘం చేర్చింది. 1948 ఫిబ్రవరి 21న ముసాయిదాను సంవిధాన సభ (రాజ్యాంగ సభ) అధ్యక్షుడికి పంపుతూ అంబేడ్కర్ రాసిన లేఖలో కారణం చెప్పారు: దేశంలో సోదర సామరస్యం అవసరం ఇప్పుడున్నంతగా ఎన్నడూ లేదు కనుక ఈ లక్ష్యాన్ని ప్రత్యేకంగా చెప్పాలని సంఘం భావించిందని. తేదీ చూడండి. గాంధీ హత్య జరిగి నెల కూడా కాలేదు. విభజన గాయాలు పచ్చిగా ఉన్నాయి. మిగతా మాటలు హక్కుల లెక్కలోకి వస్తాయి, వాటి కోసం కోర్టుకు వెళ్ళవచ్చు. దీని కోసం ఏ కోర్టుకు వెళ్తాం? నా మటుకు అవతారికలో అన్నిటికన్నా బరువైన మాట ఇదే. తృత్వమో త్రమో మీరు చూసుకోండి.

పుత్తూరు పంతులమ్మ:
బరువు సరే. కానీ భ్రాతృ అంటే అన్నదమ్ముడు. సంవిధాన సభలో పదిహేనుగురు స్త్రీలు కూర్చున్నారు, మన దుర్గాబాయి గారు సహా. వారంతా సుభ్రాతలేనా? నేను తరగతిలో ఈ వాక్యం చెప్పినప్పుడల్లా వెనక బెంచీ నుంచి ఒక ఆడపిల్ల ఇదే అడుగుతుంది. అన్నదమ్ముల భావం అంటే మేము ఎక్కడ టీచర్ అని.

తిరుచానూరు తోట:
అమ్మా, దీనికి పాణిని ముందే సమాధానం చెప్పాడు. ‘భ్రాతృపుత్రౌ స్వసృదుహితృభ్యామ్’. సోదరుణ్ణీ సోదరినీ కలిపి చెప్పేటప్పుడు భ్రాతృ శబ్దమే మిగులుతుంది. భ్రాతరౌ అంటే అన్నాచెల్లెలు కూడా. దాన్నే ఏకశేషం అంటారు.

పుత్తూరు పంతులమ్మ:
తెలుసండీ. ఇద్దరిలో ఎవరు శేషిస్తారో కూడా ఆ సూత్రమే చెబుతోంది.

నగరి మలుపు:
మాస్టారికి ఇంతవరకు తగిలిన దెబ్బల్లో ఇది పెద్దది.

చంద్రగిరి కోట:
హిందీ పాఠంలో ‘బంధుతా’ అని ఉంది. మనవాళ్ళు ‘బంధుత్వం’ అని ఎందుకు తీసుకోలేదు? అందులో ఆడా మగా గొడవ లేదు.

నగరి మలుపు:
మన దగ్గర బంధుత్వం అంటే వెంటనే ఏ ఊరు, ఎవరి తాలూకు, ఇంటిపేరేమిటి అని మొదలవుతుంది. బంధువు కానివాడితో కూడా కలిసి ఉండమని చెప్పే మాట కావాలి. గురజాడ ఎంత హాయిగా చెప్పారు! ‘అన్నదమ్ముల వలెను జాతులు, మతములన్నియు మెలగవలెనోయ్’. అణ్ లేదు, త్వ లేదు.

చిత్తూరు వకీలు:
గురజాడ మాటకు దగ్గరగా రాజ్యాంగంలోనే ఒక చోటు ఉంది. 51-ఎ అధికరణం, ప్రాథమిక విధుల్లో ‘ఇ’. మత, భాషా, ప్రాంతీయ భేదాలకు అతీతంగా సోదరభావాన్ని పెంపొందించడం పౌరుడి విధి. స్త్రీల గౌరవానికి భంగకరమైన ఆచారాలు విడనాడమని కూడా ఆ వాక్యంలోనే ఉంది, పంతులమ్మ గారు గమనించాలి. అదీ 1976 సరుకే. అయితే నన్నడిగితే సౌభ్రాత్రానికి అసలు పునాది 17వ అధికరణం. అంటరానితనం రద్దు. పక్కవాణ్ణి ముట్టుకోనివాడు అన్నదమ్ముడెలా అవుతాడు?

కోనేటి గట్టు:
ఇంతసేపు తిరుపతిలో కూర్చుని ఒక్కరూ అన్నమయ్య పేరు ఎత్తలేదు! ‘నిండార రాజు నిద్రించు నిద్రయు నొకటే, అండనే బంటు నిద్ర అదియు నొకటే’. అంతస్తులో సమానత్వం అంటే అది. ‘కందువగు హీనాధికము లిందు లేవు’. అవతారికను తెలుగు చేసినవారు ఆ పాటల రాగిరేకులు ఒక్కసారి చూసి ఉంటే ఈ తత్సమాల గుట్ట మనకు తప్పేది.

వాయులింగం:
నిద్రలో రాజూ బంటూ సమానమే, నాయనా. లేచాక? అన్నమయ్య రాజును రాజుగానే ఉంచాడు. మా కాళహస్తి ధూర్జటి ‘రాజుల్ మత్తులు, వారి సేవ నరకప్రాయంబు’ అని తేల్చేశాడు. గణతంత్రం అన్న మాటకు అంతకు మించిన వ్యాఖ్యానం ఉందా? అమరకోశంలో రాజ్యాంగాలు లెక్కపెడితే మొదట వచ్చేది స్వామి, తర్వాత అమాత్యుడు, సుహృత్తు, కోశం అలా. మన రాజ్యాంగంలో మొదటి మాట ప్రజలు. స్వామి స్థానంలో ‘మేము’ కూర్చున్నాం. ధూర్జటి కోరుకున్నది అదే.

కోనేటి గట్టు:
ధూర్జటి కోరుకున్నది శివుణ్ణి, ఎన్నికల్ని కాదు. పైగా రాయల సభలో అష్టదిగ్గజాల్లో ఒకడని చెప్పుకుంటాం. కడుపు నిండాక రాజుల్ని తిట్టడం సులువు.

వాయులింగం:
లోపల చూసి వచ్చినవాడి తిట్టుకే విలువ.

చిత్తూరు వకీలు:
వాయులింగం గారి ‘మేము’ అన్న మాట దగ్గర నాదీ ఒక ఊహ. కావ్యానికి అవతారికలో కృతికర్త వేరు, కృతిపతి వేరు. కవి రాస్తాడు, రాజో దేవుడో పుచ్చుకుంటాడు. ఇక్కడ కర్తా పతీ ఒక్కరే. ‘మాకు మేము ఇచ్చుకొన్నవారము’. సంవిధాన సభలో కామత్ గారు ‘దేవుని పేరిట’ అని మొదలుపెడదామని సవరణ తెచ్చారు. ఓటింగు జరిగింది. అనుకూలం 41, వ్యతిరేకం 68. ఏడుకొండల నీడలో ఉండి కూడా అది మంచి తీర్పే అంటాను. దేవుణ్ణి నమ్మేవాడూ నమ్మనివాడూ ఇద్దరూ ‘మేము’లో ఉండాలి కదా. ఈ అవతారిక రాజ్యాంగంలో భాగం కాదని 1960లో బేరుబారి ప్రాంతం అప్పగింతపై ఇచ్చిన అభిప్రాయంలో సుప్రీంకోర్టు అంది. 1973లో కేశవానంద భారతి కేసులో భాగమేనని దిద్దింది. పదముగ్గురు న్యాయమూర్తులు, ఏడుగురు ఒకవైపు, ఆరుగురు మరోవైపు. పార్లమెంటు దేన్నైనా సవరించవచ్చు, మౌలిక స్వరూపాన్ని మాత్రం చెరపకూడదు అన్నది ఆ ఒక్క ఓటుతో నిలిచింది.

చంద్రగిరి కోట:
అయ్యా, నా ప్రశ్న...

తిరుచానూరు తోట:
మీ ప్రశ్నకే వస్తున్నాను. మా ఊరివారు, మాడభూషి అనంతశయనం అయ్యంగార్, సంవిధాన సభలో సభ్యులు. మొదటి లోక్‌సభకు తిరుపతి నుంచి, తర్వాత చిత్తూరు నుంచి గెలిచారు. 1956లో మవలంకర్ తర్వాత స్పీకర్ అయ్యారు. సంస్కృతం బాగా తెలిసినవారు. తెలుగు పాఠం ఆయన కంటపడి ఉంటే ‘త్వ’ మిగిలేది కాదని నా గట్టి నమ్మకం.

నగరి మలుపు:
నమ్మకం అవతారికలో వేరే పదం మాస్టారూ. ‘విశ్వాసము, ధర్మము, ఆరాధన’. అక్కడ ‘ధర్మము’ అని ఎందుకు వేశారో ముందు చెప్పండి, నాకు అది ఎప్పటి నుంచో ముల్లు.

పుత్తూరు పంతులమ్మ:
దయచేసి ఆ ముల్లు ఇక్కడ తీయవద్దు. దానికి వేరే చర్చ పెట్టండి. రేపు పిల్లలకు నేను ‘తోబుట్టువుల భావం’ అని చెప్పబోతున్నాను. తోబుట్టువులో అన్న ఉన్నాడు, అక్క ఉంది, ఎవరూ శేషించనక్కరలేదు.

తిరుచానూరు తోట:
తోబుట్టువు అంటే వాడుకలో ఆడపడుచే అని వాదించేవారు ఉన్నారు. పెళ్ళిపత్రికలు చూడండి.

పుత్తూరు పంతులమ్మ:
ఉండనివ్వండి. ఒకసారి మీరు శేషంలో కలవండి.

వాయులింగం:
ధూర్జటి పద్యం సగంలో ఆపేశాను, పాపం తగులుతుంది. ‘వారిచ్చు నంభోజాక్షీ చతురంతయాన తురగీ భూషాదు లాత్మవ్యథా బీజంబుల్’. రాజు ఇచ్చేవన్నీ మనోవ్యథకు విత్తనాలే.

కోనేటి గట్టు:
అక్కడ ‘చతురంగయాన’ కాదా? నేను విన్నది అలాగే.

తిరుచానూరు తోట:
చతురంతయానమే. పల్లకీ. చతురంగం అంటే ఏనుగులూ రథాలూ రావాలి, పక్కనే తురగి ఉండగా మళ్ళీ గుర్రాలెందుకు? పునరుక్తి.

నగరి మలుపు:
పునరుక్తి అంటే సౌభ్రాతృత్వం లాంటిదా మాస్టారూ?